బ్యాంకు చేతికొచ్చిన పాత ఇల్లు కొనాలంటే

పాత ఇల్లు కొనేటప్పుడు మామూలుగా ఇంటాయన్ని పది ప్రశ్నలు అడుగుతాం. వానకి ఎక్కడ కారుతుంది, కరెంటు వైర్లు ఎప్పుడు మార్చారు, ఈ గోడ తర్వాత కట్టిందా అని. ఆయన సగం దాచినా మిగతా సగం చెప్తాడు. అప్పు తీరక బ్యాంకు అమ్ముతున్న ఇంటి దగ్గర ఆ మనిషి ఉండడు. అమ్మే అధికారి ఆ ఇంట్లో ఒక్క రాత్రి కూడా పడుకుని ఉండడు, ఒక్కోసారి లోపలికి అడుగు పెట్టి కూడా ఉండడు. ఆయన దగ్గరున్నది ఒక ఫైలు, ఒక వాల్యుయేషన్ రిపోర్టు, ఒక తాళంచెవి. కాబట్టి ఇంటాయన చెప్పాల్సిన సమాధానాలన్నీ కాగితాల్లోంచి, ఇరుగుపొరుగు దగ్గర్నుంచి, గోడల్లోంచి మీరే రాబట్టుకోవాలి.

నేను ఇలాంటి ఇల్లు ఒకటి కొని బాగుచేయించుకున్నాను. అంతకుముందు రెండు చూసి వదిలేశాను. ఆ మూడిళ్ల దగ్గర నేర్చుకున్నదాన్ని ఏ పని తర్వాత ఏ పని అన్న వరుసలో ఇక్కడ రాస్తున్నాను.

ముందు కాగితాలు, తర్వాతే ఇల్లు

ఇల్లు చూడకముందే కాగితాలు చూడమంటాను. ఎందుకంటే పాత ఇల్లు మనసు లాగేస్తుంది. చెక్కడం పనున్న గుమ్మం, ఎత్తైన పైకప్పు ఒకసారి చూశాక వకీలు చెప్పే అభ్యంతరాలు చెవికెక్కవు.

మొదట తెలుసుకోవాల్సింది ఆ ఇల్లు బ్యాంకు దగ్గర ఏ దశలో ఉందన్నది. ఇది దేశాన్నిబట్టి మారుతుంది. భారత్‌లో ఎక్కువగా 2002 నాటి సర్ఫేసీ చట్టం (మొండి బాకీలు రాబట్టుకోడానికి బ్యాంకులకున్న చట్టం) కింద బ్యాంకు వేలం వేస్తుంది. అక్కడ బ్యాంకు యజమాని కాదు, తాకట్టు పెట్టించుకుని అప్పిచ్చినవాడిగానే అమ్ముతుంది. అమెరికాలోనైతే వేలంలో ఎవరూ కొనని ఇల్లు బ్యాంకు సొంత పేరు మీదికి మారిపోతుంది, తర్వాత ఏజెంటు ద్వారా మామూలు ఇల్లులా అమ్మకానికి వస్తుంది. వేలంలో కొంటే ఇల్లు పరీక్షించుకోడానికి దొరికే టైము తక్కువ. రెండో పద్ధతిలో కాస్త ఊపిరి తీసుకోవచ్చు. ఎక్కడైనా షరతు మాత్రం ఒకటే: ఇల్లు ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతారు. కొన్నాక దూలం విరిగినా, పునాది కుంగినా బ్యాంకుకు సంబంధం ఉండదు.

బ్యాంకును నాలుగు విషయాలు అడగండి. ఇల్లు ఖాళీగా ఉందా, ఎవరైనా ఉంటున్నారా? పన్ను, నీటి, కరెంటు బకాయిలు ఎంతున్నాయి, అవి ఎవరు కట్టాలి? ఇంకెవరి దగ్గరైనా తాకట్టులో ఉందా? పాత యజమాని కోర్టుకు వెళ్లాడా, అప్పు కట్టి ఇల్లు విడిపించుకునే హక్కు ఇంకా మిగిలుందా? నోటి మాటతో సరిపెట్టుకోకండి, మెయిల్లోనో కాగితం మీదో జవాబు తీసుకోండి. ముఖ్యంగా స్వాధీనం గురించి. భారత్‌లో వేలం నోటీసులో సింబాలిక్ స్వాధీనం అని ఉంటే, బ్యాంకు గోడకు కాగితం అంటించిందే తప్ప తాళం ఇంకా దాని చేతికి రాలేదని అర్థం. చాలాసార్లు లోపల మనుషులు కాపురం ఉంటారు. ధర ఎంత తక్కువైనా, మొదటిసారి కొనేవాళ్లు అలాంటి ఇంటి జోలికి పోవద్దన్నది నా గట్టి అభిప్రాయం. ఒక కుటుంబాన్ని బయటికి పంపించే బాధ్యత మీ నెత్తిన పడుతుంది, అది ఎన్నాళ్లు సాగుతుందో ఎవరూ చెప్పలేరు.

వేలం ఆస్తుల పని ఇంతకుముందు చేసిన వకీలునే పెట్టుకోండి. పాత ఇళ్లలో ఇంకో చిక్కు, ప్లానులో ఉన్నదానికి, నేల మీద ఉన్నదానికి పొంతన ఉండకపోవడం. వెనక రెండు గదులు ఎవరో ఎప్పుడో అనుమతి లేకుండా వేసి ఉంటారు. అలాగే ఆ ఇల్లు వారసత్వ కట్టడాల జాబితాలో ఉందేమో మున్సిపాలిటీలో కనుక్కోండి. ఉంటే కిటికీ మార్చాలన్నా అనుమతి కావాల్సి రావచ్చు. అందుకని వదిలేయక్కర్లేదు, కానీ కొనకముందే తెలియాలి.

ఇంటిని చదవడం

కనీసం మూడుసార్లు వెళ్లండి. ఒకసారి మంచి ఎండలో, ఒకసారి వాన పడుతున్నప్పుడో పడి వెలిసిన వెంటనేనో, ఒకసారి సాయంత్రం వీధిలో జనం ఉన్నప్పుడు. మూడోసారి వెళ్లేది ఇంటి కోసం కాదు, పక్కింటివాళ్ల కోసం. బ్యాంకుకు తెలియనివన్నీ వాళ్లకు తెలుసు. ఇల్లు ఎన్నేళ్లుగా ఖాళీగా ఉంది, వీధిలో నీళ్లు ఏ గుమ్మం దాకా వస్తాయి, మధ్యలో ఎవరు ఏం పీక్కుపోయారు, అన్నీ చెప్తారు. నేను కొన్న ఇంట్లో వెనక గది కింద పూడ్చేసిన పాత సెప్టిక్ ట్యాంకు ఉందని నాకు చెప్పింది ఎదురింటి పెద్దావిడే. ఏ రిపోర్టులోనూ ఆ సంగతి లేదు.

వెంట పట్టుకెళ్లాల్సిన సామాను పెద్దగా లేదు. మంచి టార్చి, ఒక స్క్రూడ్రైవర్, ఒక గోలీ, చిన్న అయస్కాంతం, టేపు, పెన్సిలు. వీలైతే చెమ్మ కొలిచే మీటరు. రెండోసారి వెళ్లేటప్పుడు పాత కట్టడాల పని తెలిసిన ఇంజినీరునో, పెద్ద మేస్త్రీనో తీసుకెళ్లండి. కొత్త అపార్ట్‌మెంట్లు మాత్రమే కట్టినవాళ్లు పాత గోడ చూడగానే కొట్టేద్దాం అంటారు. వాళ్ల సలహాతో నిర్ణయానికి రాకండి.

అన్నిటికన్నా ముందు నీళ్ల దారి చూడండి. పాత ఇంటికి వచ్చే జబ్బుల్లో చాలావాటికి మూలం నీళ్లే. పైనుంచి మొదలుపెట్టండి. పట్టపగలు అటక మీదికెక్కి టార్చి ఆర్పేసి ఒక నిమిషం ఆగండి. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక పెంకుల మధ్య సూదిమొనంత వెలుతురు చుక్కలు కనిపిస్తే వాన కూడా అక్కడినుంచే వస్తుంది. తర్వాత కిందికి దిగి చూరు కింద నేల చూడండి. వాన గొట్టం విరిగి నీళ్లు నేరుగా గోడ మొదట్లో పడుతున్నాయా? బయట మట్టి లోపలి నేలకన్నా ఎత్తుగా ఉందా? ఏళ్ల తరబడి రోడ్లు, పెరళ్లు ఎత్తు పెరిగిపోయి పాత ఇళ్లు గుంటలో పడ్డట్టవుతాయి. అప్పుడు గోడ నేల్లోంచి చెమ్మ పీల్చుకుంటుంది. సాధారణంగా ఒక మీటరు ఎత్తు దాకా మరక, తెల్లటి ఉప్పు పొర కనిపిస్తాయి. బయటి మట్టి తవ్వి తగ్గించి, వాన నీళ్లకు దారి చేస్తే చాలా గోడలు వాటంతట అవే ఆరిపోతాయి. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు చేసే పని ఇంకోటి లేదు.

నేను వదిలేసిన రెండో ఇంట్లో వెనక గది గోడ నడుము ఎత్తు దాకా కొత్త రంగుతో మెరుస్తోంది, పైన మాత్రం పాత రంగే. అరచేయి ఆనించాను. పై భాగం పొడిగా ఉంది, కింది భాగం తడిగుడ్డలా చల్లగా ఉంది. వేలి కణుపుతో తడితే బోలుగా మోగింది. గోరుతో కాస్త గీకితే రంగు, దాని కింది సిమెంటు పొర అట్టులా ఊడొచ్చాయి. వెనక ఇటుక ముట్టుకుంటే పిండిలా రాలింది. ఎవరో చెమ్మను దాచడానికి సిమెంటు పూశారు. చెమ్మకు బయటికి దారి లేక ఇటుకనే తినేసింది.

ఇది ఎందుకు జరుగుతుందో తెలిస్తే సగం తప్పులు తప్పుతాయి. పోర్ట్‌లాండ్ సిమెంటుకు ఇంగ్లండ్‌లో పేటెంటు దొరికింది 1824లో. మామూలు ఇళ్లు మాత్రం ఆ తర్వాత కూడా చాలాకాలం సున్నంతోనే కట్టారు. సున్నం గోడ చెమ్మను పీల్చుకుంటుంది, ఎండకు వదిలేస్తుంది. సున్నం మెత్తన కాబట్టి ఇల్లు కొద్దిగా కదిలినా సన్నని బీటలతో సర్దుకుంటుంది. సిమెంటు గట్టిది, చెమ్మను పోనివ్వదు. సున్నం గోడ మీద సిమెంటు పూయడం అంటే చెమట పట్టిన ఒంటికి ప్లాస్టిక్ కవరు చుట్టడమే. ఎక్కడెక్కడ సిమెంటు అతుకులు వేశారో లెక్కేసుకోండి, అవన్నీ మీరు తీయించాల్సినవి.

తర్వాత బీటలు. పాత ఇంట్లో బీటలు లేని గోడ ఉండదు, కంగారు పడకండి. వెంట్రుకంత, అంటే 1 మిల్లీమీటరు లోపు ఉన్నవి మామూలే. 5 మిల్లీమీటర్లు దాటినవి, ఇటుక వరసల వెంట మెట్లు మెట్లుగా ఏటవాలుగా దిగేవి, ఒక చివర సన్నగా ఇంకో చివర వెడల్పుగా ఉన్నవి ఇంజినీరుకు చూపించాల్సిందే. బీట పాతదా, ఇంకా పెరుగుతోందా అన్నది అసలు ప్రశ్న. లోపల దుమ్ము, సాలెగూడు, పాత రంగు ఉంటే చాలాకాలం కిందటిది. అంచులు శుభ్రంగా, పదునుగా ఉంటే కొత్తది. నేల మీద గోలీ పెట్టి చూడండి. గదిలో ఒకే మూలకు దొర్లిపోతూ, ఆ మూల గోడకే పెద్ద బీట ఉంటే అక్కడ పునాది కుంగిందని అనుమానించాలి.

చెక్క విషయంలో మోసపోవడం తేలిక. దూలం మధ్యలో ఎంత గట్టిగా ఉన్నా నమ్మకండి. అది గోడలోకి దూరే చోట చూడండి, కుళ్లేది మొదట అక్కడే. మా మేస్త్రీ ఒక దూలం కొసన స్క్రూడ్రైవర్ ఆనించి బొటనవేలితో నొక్కాడు. సుత్తి అక్కర్లేదు, బలమూ అక్కర్లేదు, పిడి దాకా దిగిపోయింది. బయటికి తీస్తే మొనకు తడి పొడి అంటుకుని వచ్చింది. అదే దూలం మధ్యలో మేకు కూడా దిగలేదు. చెక్కలో తేమ 20 శాతం దాటితే బూజు జాతులు దాన్ని కుళ్లబెట్టడం మొదలుపెడతాయి కాబట్టి మీటరుంటే ప్రతి దూలం కొసనా పెట్టి రాసుకోండి. గోడ వెంట పెన్సిలంత లావు మట్టి దారులు పాకి ఉంటే చెదలు. ఒకదాన్ని పగలగొట్టి చూడండి, లోపల పురుగులుంటే అవి ఇంకా పనిలోనే ఉన్నాయి. కొసలు కుళ్లినంత మాత్రాన దూలం పారేయనవసరం లేదు. మంచి వడ్రంగి చెడిన కొసను కోసి కొత్త చెక్క అతికిస్తాడు.

ఖాళీగా ఉన్న ఇంటికి వేరే బాధలుంటాయి. నీళ్లు, కరెంటు ఆపేసి ఉంటారు కాబట్టి ఏదీ పనిచేస్తుందో లేదో తెలియదు. ఒక్కరోజైనా కనెక్షన్ ఇప్పించి పరీక్షించనివ్వమని బ్యాంకును అడగండి. ఇవ్వకపోతే గొట్టాలు, వైర్లు మొత్తం కొత్తగా వేయాలనే లెక్కేసుకోండి. బాత్రూంలో డ్రైనేజీ వాసన కొడితే భయపడకండి, వాడకపోవడం వల్ల ట్రాప్ వంపులో నీళ్లు ఎండిపోయి ఉంటాయి. ఒక బకెట్ నీళ్లు పోసి మర్నాడు చూడండి. నీటి గొట్టం గీకితే వెండిలా మెరిసి, మెత్తగా ఉండి, అయస్కాంతం అంటుకోకపోతే అది సీసం గొట్టం కావచ్చు. ఆ నీళ్లు తాగకూడదు. వైర్లకు రబ్బరు తొడుగుంటే, ముట్టుకోగానే అది పెళుసుగా రాలితే, ప్లగ్గుల్లో ఎర్తింగ్ లేకపోతే, ఇక అతుకుల మాట వద్దు, మొత్తం మార్చాలి.

పాత రంగుల్లో సీసం ఉంటుంది. అమెరికాలో ఇళ్ల రంగుల్లో సీసాన్ని 1978లో నిషేధించారు, అంతకుముందు వేసిన పొరలు ఇంకా గోడల మీద ఉన్నాయి. ఆ దుమ్ము చిన్నపిల్లల మెదడుకు చేసే హాని మళ్లీ సరిచేయలేనిది. పాత రంగు పొరలున్న కిటికీలు, తలుపులు పరీక్ష చేయించకుండా పొడిగా శాండ్‌పేపర్ పట్టించకండి. అలాగే పాత సిమెంటు రేకులు, వేడి నీటి గొట్టాల చుట్టూ తెల్లటి చుట్టలు కనిపిస్తే ఆస్బెస్టాస్ ఉండొచ్చు. కదపకుండా ఉంటే ప్రమాదం తక్కువ, పగలగొడితేనే ముప్పు. తీయించాలంటే ఆ పని తెలిసినవాళ్లనే పిలవండి.

ధర ఎలా తేల్చుకోవాలి

ఇక్కడ చాలామంది తిరగేసి ఆలోచిస్తారు. రిజర్వు ధర, అంటే పాట మొదలయ్యే కనీస ధర చూసి, ఇంత చవకా అనుకుని, దాని మీద ఎంత పెంచి పాడాలా అని చూస్తారు. మీరు అటు చివర నుంచి రండి. ఆ వీధిలో అలాంటి ఇల్లే మంచి స్థితిలో ఉంటే ఎంత పలుకుతుందో కనుక్కోండి. దాన్ని 100 అనుకుందాం. రిపేర్లకు 30 అవుతాయని మేస్త్రీ, ఇంజినీరు లెక్క తేల్చారు. గోడ తెరిచాక బయటపడేవాటికి రిపేరు ఖర్చులో ఐదో వంతు, అంటే 6. రిజిస్ట్రేషన్, వకీలు ఖర్చులు 7. పాత బకాయిలు 3. పని జరిగినన్నాళ్లు వడ్డీ, అద్దె 4. మొత్తం తీసేస్తే మిగిలేది 50. అంతే మీ హద్దు. ఆ అంకె కాగితం మీద రాసి ఇంట్లో ఇంకొకరి చేతికిచ్చి పాటకు కూర్చోండి. ఒక్కో మెట్టు పెరుగుతుంటే ఇంకొక్కటే కదా అనిపిస్తుంది, అప్పుడు ఆపేవాళ్లు పక్కనుండాలి.

వేలంలో పోని ఇంటికి తర్వాతి విడతలో రిజర్వు ధర తగ్గించడం మామూలే. అవసరం లేని తొందర వద్దు. వేలం కాకుండా బేరమాడే పద్ధతైతే, ఇల్లు బాగాలేదు తగ్గించండి అంటే అధికారి ఏమీ చేయలేడు. ఆయన పైవాళ్లకు చూపించుకోవాలి. ఫొటోలు, ఇంజినీరు రిపోర్టు, రిపేరు అంచనా కలిపి ఫైలుగా ఇవ్వండి. అప్పుడు ఆయన ఆ ఫైలునే పైకి పంపగలడు.

డబ్బు ముందే సిద్ధంగా ఉండాలి. భారత్‌లో సర్ఫేసీ వేలంలో పాట గెలిస్తే ధరావతుతో కలిపి 25 శాతం ఆ రోజో, మర్నాటి పనిదినానికో కట్టాలి. మిగతా 75 శాతం అమ్మకం ఖరారైన 15 రోజుల్లో కట్టాలి. గడువు పెంచాలంటే బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, అదీ మూడు నెలలకు మించదు. కట్టలేకపోతే కట్టినది పోతుంది. పాట గెలిచాక లోను కోసం తిరగడం మొదలుపెడితే ఆ టెన్షన్ తట్టుకోలేరు. పైగా మనుషులు ఉండలేని స్థితిలో ఉన్న ఇంటికి లోను ఇవ్వడానికి బ్యాంకులు వెనకాడతాయి. అమెరికాలో ఉన్నవాళ్లకైతే కొనుగోలుకూ రిపేరుకూ కలిపి ఎఫ్‌హెచ్‌ఏ 203(కె) అనే లోను ఉంది, అడిగి చూడండి.

తాళం చేతికొచ్చిన రోజు

ఆ రోజు ముందు ఫోను తీసి గేటు దగ్గర్నుంచి అటక దాకా ప్రతి గది వీడియో తీయండి. మీటరు రీడింగులు కూడా. తాళాలన్నీ అదే రోజు మార్చేయండి, పాతవాటి చెవులు ఎంతమంది దగ్గరున్నాయో ఎవరికీ తెలియదు. ఇన్సూరెన్సు తీసుకునేటప్పుడు ఇల్లు ఖాళీగా ఉందని, పని జరుగుతోందని చెప్పే తీసుకోండి. చాలా పాలసీలు కొన్ని వారాలు దాటి ఖాళీగా ఉన్న ఇంటికి నష్టం చెల్లించవు. పాత యజమాని సామాను మిగిలి ఉంటే పారేయకండి, బ్యాంకుకు రాసి, వాళ్లు చెప్పినట్టు చేయండి. మాకు అటక మీద ఒక ట్రంకు పెట్టె నిండా పెళ్లి ఫొటోలు దొరికాయి. అప్పు తీర్చలేక ఇల్లు వదిలి వెళ్లిన మనుషులవి. అవి వాళ్లకు చేరాకే మేం పని మొదలుపెట్టాం.

రిపేరు వరుస

వరుస తప్పితే చేసిన పనే మళ్లీ చేయాలి. ముందు పైకప్పు, వాన గొట్టాలు, బయటి మట్టి. అంటే నీళ్లు ఆపడం. తర్వాత దూలాలు, పునాది, గోడలు. ఆ తర్వాత గొట్టాలు, వైర్లు. పూత, నేల, రంగు చిట్టచివర. చుట్టాలకు చూపించుకోవాలని రంగుతో మొదలుపెట్టినవాళ్లు రెండేళ్లలో అదే గోడ మళ్లీ కొట్టించుకోవడం చూశాను.

పనివాళ్లతో మొత్తానికి ఇంత అని మాట్లాడుకోకండి. పాత ఇంట్లో పని ఎంతో ఎవరికీ ముందే తెలియదు. ఏ పనికి ఎంత అని విడివిడిగా రాసుకోండి, పని అయినంతవరకే డబ్బివ్వండి. సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరకడం కష్టం. దొరికితే ఆయన తీరిక కోసం నెల ఆగినా నష్టం లేదు. సున్నం పూత నెమ్మదిగా ఆరాలి. నెమ్ము పోకుండా తడి గోనెలు కట్టి, పొరకూ పొరకూ మధ్య రోజులు వదలాలి. తొందరపెడితే రాలిపోతుంది.

కూలగొట్టే పనులు మాత్రం వెంటనే పెట్టుకోవద్దు. 1877లో లండన్‌లో పాత కట్టడాల రక్షణ కోసం పెట్టిన సంఘానికి గీకుడు వద్దనేవాళ్లు అని ముద్దుపేరు ఉండేది. బాగుచేసే పేరుతో పాత పూతలు గీకేయడాన్ని వాళ్లు అంతగా వ్యతిరేకించారు. పాత కిటికీ చెక్క చాలాసార్లు ఇప్పుడు దొరికేదానికన్నా గట్టిది. కింది పట్టీ ఒక్కటి మారిస్తే ఇంకో తరం నడుస్తుంది. పాత నేల పలకలు పగిలినవి పగిలినట్టే పక్కన పెట్టించండి, వాటి ముక్కలే అతుకులకు పనికొస్తాయి.

భద్రతకు సంబంధించినవి, నీళ్లు ఆపేవి చేసేశాక, వీలైతే ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గడవనివ్వండి. మేం ముందు గదిలో పెద్ద బీటకు అటూ ఇటూ పెన్సిలుతో రెండు గీతలు గీసి, పక్కనే తేదీ, వాటి మధ్య దూరం రాశాం. నెలకోసారి టేపు పెట్టి కొలిచి కింద ఇంకో తేదీ. వానాకాలంలో ఒక మిల్లీమీటరు పెరిగింది, ఎండలకు మళ్లీ తగ్గింది. పన్నెండో నెల కొలిస్తే మొదటి అంకే వచ్చింది. ఇంజినీరు ఆ తేదీల వరస చూసి, పునాది జోలికి వెళ్లక్కర్లేదు, సున్నంతో పూడ్చేయండి అన్నాడు. మేస్త్రీ పూత పూసేముందు ఆ రాతలు చెరిపేయనా అని అడిగాడు. వద్దన్నాను, అలాగే పూసేశాడు.